రాత్రిపూట కూలింగ్ టవర్ మోత: ఎట్ట కొలవాలి, ఎవరికి చెప్పాలి? ముత్తుకూరు వైపు వాళ్ళు రండి

మిద్దెమీద_మల్లి | రాత్రి 11:52

అన్నలూ అక్కలూ, మాది ముత్తుకూరు మండలంలో ఒక పల్లె. ఊరి పేరు, పక్కనున్న బొగ్గు కరెంటు ప్లాంట్ పేరు రెండూ రాయను, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, అడగబాకండి. మా మిద్దె ఎక్కితే ప్లాంట్ వేడి నీళ్ళు చల్లార్చే కూలింగ్ టవర్లు వరసగా కనపడతాయి, కిలోమీటరున్నర ఉంటాదేమో. బూడిద గురించి, బొగ్గు లారీల గురించి అందరూ మాట్లాడతారు, పేపర్లో కూడా వస్తాది. ఈ మోత గురించి మాత్రం ఎవురూ నోరెత్తరు, ఫోటో తీసి చూపించేది కాదు గదా.

పగలు అంతగా తెలీదు. రాత్రి పది దాటి రోడ్డు మీద బండ్లు తగ్గినాక మొదలవుతాది, తెల్లారుగట్ల మూడు నాలుగుకి ఇంకా ఎక్కువ. మా అమ్మకి అరవై రెండేళ్ళు. "మంచం కింద ఎవురో పెద్దమనిషి పండుకుని ఊపిరి పీల్చి వదలతా ఉండాడురా" అనింది. నేను మొదట నమ్మలా. మొన్న ఆమె మంచం పక్కనే చాపేసుకుని పండుకుని ఫోన్‌లో సెకన్లు చూసుకుంటే నిజంగానే ఆరేడు సెకన్లకి ఒకసారి మోత పెరిగి మళ్ళీ తగ్గతా ఉంది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలేట్టు పెడితే సన్నగా గిర్రుమంటాయి, ఆమె వాటి మధ్యలో పాత జాకెట్ గుడ్డ ముక్కలు పెట్టుకునింది. అవి చూశాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు నాకు.

గేటు దగ్గరికి పోయి అడిగితే మర్యాదగానే మాట్లాడినారు, రిపోర్టు కూడా చూపించారు. పగలు 11 గంటలకి గేటు దగ్గర కొలిచింది, 68 డెసిబెల్స్, పరిమితి 75, కాబట్టి అంతా బాగానే ఉందన్నారు. నా ఫోన్ యాప్‌లో మా వరండాలో రాత్రి రెండింటికి 46 నించి 48 చూపిస్తా ఉంది. 68 ఎక్కడ 48 ఎక్కడ, మనకే తక్కువ గదా అంటారు. మరి నిద్రెందుకు పట్టదు? తెలిసినోళ్ళు చెప్పండి.

తోటపల్లిగూడూరు_టీచరమ్మ | రాత్రి 12:10

మల్లి బాబూ, మేము ఇంకా దూరం. మాకు మామూలు రోజుల్లో ఏమీ వినపడదు, కానీ మంచు పట్టే రోజుల్లో, గాలి అసలు కదలని రాత్రి, చెవి దగ్గర తేనెటీగల పట్టు ఉన్నట్టు వినపడుద్ది. మా ఆయన అది ట్రాన్స్‌ఫార్మర్ అంటారు, నేను ప్లాంట్ అంటాను, ఇంతవరకు తేలలేదు. ఊరి చుట్టూ సరుగుడు తోపు గట్టిగా పెంచితే తగ్గదా?

పొయ్యిమండాలి | రాత్రి 12:31

అన్నా నేను అట్టాంటి ప్లాంట్‌లోనే కాంట్రాక్ట్ కింద చేస్తా ఉండా. చెప్పేది ఒకటే, మోత మోత అని గొడవ పెట్టుకుంటే చివరికి దెబ్బ తినేది మేమే. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఫ్యాన్లు తిరగబట్టే. పైగా మీ ఊరి చుట్టూ రొయ్యల గుంటలు ఉంటాయి గదా, నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా కొడతానే ఉంటాయి, అది కూడా ప్లాంట్ నెత్తినే వేస్తే ఎట్ట?

మిద్దెమీద_మల్లి | రాత్రి 12:40

తమ్ముడూ ప్లాంట్ మూసేయమని నేను యాడా రాయలేదే. మా చిన్నాయన కొడుకు కూడా ఆడే చేస్తా ఉండాడు. మోత తగ్గించే దారి ఉంటే తగ్గించమంటున్నా, అంతే. ఏరేటర్ల మాట మాత్రం నిజం, దక్షిణం పక్క గుంటలున్నాయి. ఏది ఏ మోతో ఎట్ట విడదీయాలో నాకు తెలీదు.

పాత_షిఫ్ట్_ఇంజినీరు | ఉదయం 5:20

నేను థర్మల్ స్టేషన్లలో ముప్పై ఏళ్ళకి పైగా షిఫ్టులు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నా. మల్లీ, మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా కరెక్టు, ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటది, ఓపికగా చదవండి.

బొగ్గు కాల్చిన వేడిలో కరెంటుగా మారేది ఎంత మంచి యూనిట్‌లో అయినా నూటికి నలభై దరిదాపుల్లోనే. మిగతాదాంట్లో కొంత చిమ్నీ గుండా పోతుంది, ఎక్కువ భాగం కండెన్సర్, అంటే ఆవిరిని మళ్ళీ నీళ్ళు చేసే భాగం, దాన్ని చల్లార్చే నీళ్ళలోకి పోతుంది. పెద్ద యూనిట్ అంటే గంటకి పదుల వేల ఘనపు మీటర్ల నీళ్ళు ఆ వేడి మోసుకుని టవర్ పైకెక్కి, చినుకులై కింద బేసిన్‌లో పడతాయి. ఆ పడే చప్పుడు ఒకటి. నడుం దగ్గర సన్నబడి కనిపించే పెద్ద కాంక్రీటు టవర్లలో ఫ్యాన్లు ఉండవు, గాలి దానంతటదే పైకి లాగబడుద్ది, వాటి మోత దాదాపు అంతా ఈ వానదే. మీరు చెప్పినట్టు వరసగా పెట్టెల్లాగా ఉండి ఒక్కోదాని నెత్తిన ఒక్కో ఫ్యాన్ తిరిగే రకం అయితే వానకి తోడు ఫ్యానూ, గేర్‌బాక్సూ, మోటారూ కలుస్తాయి. ఆ ఒక్కో పెట్టెని సెల్ అంటాం.

ఫ్యాన్ సంగతి చూడండి. అడ్డం పది మీటర్లు ఉండే ఫ్యాన్ నిమిషానికి 120 చుట్లు తిరిగిందనుకోండి, ఎనిమిది రెక్కలు ఉన్నాయనుకోండి, సెకనుకి 16 సార్లు రెక్క గాలిని కొడుద్ది. మన చెవి సుమారు 20 నించి వింటుంది, కానీ ఈ 16 కి రెట్టింపులు 32, 48 కూడా పుడతాయి, అవి వినపడతాయి. అసలు 16 ఏమో కిటికీ రెక్కల్లో, గూట్లో గ్లాసుల్లో తెలుస్తుంది. ఇంక ఆ ఊపిరి సంగతి. అన్ని ఫ్యాన్లూ ఒకే వేగంతో తిరుగుతున్నట్టే కనపడతాయి గానీ మోటారు మోటారుకీ లోడ్‌ని బట్టి వెంట్రుకవాసి తేడా ఉంటది. ఒకటి సెకనుకి 16.00 కొట్టి పక్కది 16.15 కొడితే రెండు మోతలూ కాసేపు కలిసి పెరుగుతాయి, కాసేపు ఒకదాన్ని ఒకటి తగ్గించుకుంటాయి. ఆ లెక్కన ఆరున్నర సెకన్లకి ఒకసారి వస్తది. మీరు ఫోన్‌లో చూసిందీ అంతే గదా! మేము దీన్ని బీట్స్ అంటాం, తంబురాలో రెండు తీగలు సరిగ్గా శ్రుతి కలవనప్పుడు వినపడే ఊగు లాంటిదే.

పొయ్యిమండాలి గారి అనుమానానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఏరేటర్ దగ్గరలో నీళ్ళని చరిచే చప్పుడు, దానికి ఈ నెమ్మదైన ఊగు ఉండదు, దూరం పోయేకొద్దీ సన్నగిల్లి పోతది. సన్న చప్పుడుని గాలి తాగేస్తుంది, బొంగురు మోత మైళ్ళు పోతది. టవర్ పక్కన నిలబడితే జలపాతం కింద ఉన్నట్టుంటది, కిలోమీటరున్నర పోయాక ఆ జల్లు పోయి ఊమ్ అనేది మాత్రం మిగులుద్ది. టీచరమ్మ గారూ, మీ ఇంట్లో పంచాయతీ కూడా తేలుద్ది చూడండి, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ 100 మీద ఒకే తీరున గుయ్‌మంటది, ఊగదు. మీరు విన్నది ఊగుతుంటే అది ఫ్యాన్లది.

సరుగుడు తోపు గురించి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చెట్లు బూడిదని ఆపుతాయి, కంటికి చల్లగా ఉంటాయి, బొంగురు మోతని ఆపలేవు.

తోటపల్లిగూడూరు_టీచరమ్మ | ఉదయం 6:45

సార్ చాలా థాంక్స్. ఊగదండీ మేము వినేది, ఒకే తీరు. అయితే మా ఆయనే గెలిచారు. కానీ మంచు రోజుల్లోనే ఎందుకు వినపడుద్ది?

పాత_షిఫ్ట్_ఇంజినీరు | ఉదయం 7:15

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుద్ది, శబ్దం పైకి వంగి పోతది. మబ్బు లేని, గాలాడని రాత్రి నేల ముందు చల్లారి నేలని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటది. అప్పుడు శబ్దం పైన తగిలి మళ్ళీ కిందికి వంగి ఊరి మీద పడుద్ది. దానికి తోడు మన తీరంలో పగలు సముద్రం నించి నేల మీదికి గాలి, రాత్రి నేల నించి సముద్రం మీదికి. అందుకని రాత్రిపూట ప్లాంట్‌కి తూర్పున ఉన్న పట్టపు పాలేలకి, అంటే జాలర్ల ఊళ్ళకి, మోత ఎక్కువ మోసుకొస్తది. మల్లీ, మీరు టవర్లకి ఏ పక్కన?

మిద్దెమీద_మల్లి | ఉదయం 7:50

తూర్పు సార్. సముద్రం మాకు దగ్గరే.

చీమకుర్తి_కుర్రోడు | ఉదయం 9:05

నమస్తే, మాది ప్రకాశం. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఒకటి మా ఇంటికి రెండు ఫర్లాంగుల్లో పెట్టారు, పేరు అనవసరం, రాత్రి షిఫ్టు కూడా నడిపేవాళ్ళు. రెండేళ్ళు తిరిగాం మేము. చివరికి వాళ్ళు ఇరవై అడుగుల గోడ కట్టారు, రాయి కోసే కీచు సగానికి పైగా పోయింది, పండగ చేసుకున్నాం. తీరా పండుకుంటే అంతకుముందు ఆ కీచు వెనకాల దాక్కున్న కంప్రెసర్ బొయ్య్ మోత బయటపడింది, అది గోడకి లొంగలా. అందుకని చెప్తున్నా, గోడ కట్టిస్తాం అంటే ఎగిరి గంతేయబాకండి, ఏ మోతకి గోడ అని అడగండి.

పాత_షిఫ్ట్_ఇంజినీరు | ఉదయం 9:40

ఇది బంగారం లాంటి మాట. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతది, దాన్ని 32 తో భాగించండి, ఒక్కో అల పదిన్నర మీటర్ల పొడవు. ఇరవై అడుగుల గోడ దానికి గట్టు కాదు, గడప. ఈ రకం మోతని పుట్టిన చోటే తగ్గించాలి.

ఒక లెక్క చెప్తాను, ఇది తెలిస్తే ప్లాంట్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు మీ మాటకి బరువుంటది. పన్నెండు ఫ్యాన్లు తిరుగుతుంటే ఆరు ఆపేశారనుకోండి, మోత సగం అవుద్ది అనుకుంటాం, కానీ మీటరు మీద తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి సరిగా తెలియను కూడా తెలీదు. అదే పన్నెండూ తిరగనిచ్చి వేగాన్ని నూటికి ఎనభైకి దించితే 5 దాకా తగ్గుద్ది, ఆ ఫ్యాన్లు తాగే కరెంటు కూడా సగానికి పడిపోద్ది ఎందుకంటే కరెంటు వేగానికి ఘనంలో పెరుగుద్ది. వేగం సగానికి దించగలిగితే 15 దాకా తగ్గుద్ది. మోటారుకి వీఎఫ్‌డీ, అంటే వేగం పెంచి తగ్గించే పరికరం, పెట్టుకుంటే ఇది చేయొచ్చు. ఖర్చే గానీ కొన్నాళ్ళకి కరెంటు మిగులులో తిరిగొచ్చే ఖర్చు.

అయితే ఆపరేటర్ కష్టం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుద్ది. టవర్ పని గాలి వేడి ఒక్కదాని మీదే కాదు, గాలిలో తేమ మీద కూడా ఆధారపడుద్ది. మన తీరంలో ఎండాకాలం రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు, అప్పుడు ఫ్యాన్ వేగం దించితే నీళ్ళు చల్లారవు, కండెన్సర్ వాక్యూమ్ పడిపోద్ది, లోడ్, అంటే తీసే కరెంటు, దించాల్సొస్తది. లోడ్ దించమని ఏ షిఫ్ట్ ఇంచార్జికీ చేతులు రావు, నాకూ వచ్చేవి కావు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం వాతావరణం సాయం చేస్తది, మోత ఎక్కువగా దిగేదీ ఆ రాత్రుల్లోనే. అంటే మీకు ఎక్కువ అవసరమైనప్పుడే వాళ్ళకి తగ్గించడం తేలిక. ముందు ఇదొక్కటి అడగండి.

ఫ్యాన్ తగ్గాక నీళ్ళ చప్పుడు మిగులుద్ది, దానికి బేసిన్ మీద నీళ్ళు నేరుగా పడకుండా జాలీలాంటి మ్యాట్లు పరుస్తారు, గాలి లోపలికి పోయే చోట బాఫిల్స్, అంటే చప్పుడుని అడ్డుకునే పలకలు, పెడతారు. రెక్కలు వెడల్పుగా ఉండి నిదానంగా తిరిగే ఫ్యాన్లు కూడా దొరుకుతాయి. ఏవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కాదు.

సిస్టరక్క_కోవూరు | మధ్యాహ్నం 1:15

నేను నర్సుని. మల్లీ, అమ్మకి బీపీ చూపించావా? రాత్రిపూట మోత ఏళ్ళ తరబడి ఉంటే బీపీకి, గుండె జబ్బుకి సంబంధం ఉందని గట్టిగానే తేలింది, మెలకువ రాకపోయినా ఒళ్ళు లోపల్లోపల ఉలిక్కిపడతానే ఉంటది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రి ఇంటి బయట 40 డెసిబెల్స్ దాటకూడదని చెప్పింది. ఇంకో సంగతి, పెద్దవాళ్ళకి వయసుతో సన్న శబ్దాలు వినపడటం తగ్గుద్ది, బొంగురు శబ్దాలు అంతగా తగ్గవు. అంటే చీమ చిటుక్కులూ కీచురాళ్ళూ పోయి ఆమెకి ఆ మోత ఒక్కటే మిగులుద్ది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళని "నీకు చెవులే సరిగా వినపడవు, మోత ఎట్ట వినపడింది" అని ఇంట్లోవాళ్ళు కసురుకుంటారు, చూసినప్పుడల్లా బాధేస్తది. దయచేసి అట్ట అనబాకండి.

మిద్దెమీద_మల్లి | మధ్యాహ్నం 2:02

అక్కా, ఆ మాట నేనూ అన్నాను, రెండు మూడు సార్లు. ఈ సాయంత్రమే బీపీ చూపిస్తా.

నెల్లూరు_ప్లీడరు | సాయంత్రం 6:30

ఇప్పుడు నా వంతు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో నాలుగు రకాల ప్రాంతాలు ఉన్నాయి. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. వాణిజ్యానికి 65, 55. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టుపక్కల 50, 40. రాత్రి అంటే పదింటి నించి ఆరింటి దాకా. మల్లికి గేటు దగ్గర చూపించిన 75 ప్లాంట్ ఆవరణకి, అదీ పగటికి. మల్లి వరండాకి వర్తించాల్సింది 45. తప్పు రిపోర్టు చూపించారని నేను అనను, అడిగిన ప్రశ్నకి సంబంధం లేని రిపోర్టు చూపించారు.

ఒక ఇబ్బంది కూడా తెలుసుకోండి. ఆ నియమాల కింద నేరుగా ఫిర్యాదు చేయాలంటే పరిమితి మీద 10 డెసిబెల్స్ దాటి ఉండాలి, అంటే రాత్రి 55. మీ 48 తో ఆ తలుపు తెరుచుకోదు. కాబట్టి వేరే తలుపులు తట్టాలి. ఒకటి, 1981 వాయు చట్టానికి 1987 లో సవరణ చేసి శబ్దాన్ని కూడా కాలుష్యంలో చేర్చారు, ఆ చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతిలో షరతులుంటాయి. రెండు, పర్యావరణ అనుమతిలో షరతులుంటాయి, వాటి అమలు మీద ప్లాంట్ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఈ రెండు అనుమతుల కాపీలు, శబ్దం రీడింగులు, మీ ఊరిని ఏ రకం ప్రాంతంగా వర్గీకరించారో ఆ కాగితం, ఇవన్నీ సమాచార హక్కు కింద అడగండి. తెలుగులోనే రాయొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో మోత భరించలేకపోతున్నాం అని ఊరుకోకుండా ఎక్కడ, ఏ వేళ, ఎట్ట కొలవాలో మీరే రాయండి.

పాత_షిఫ్ట్_ఇంజినీరు | రాత్రి 8:10

ఆ ఎట్ట అనేదానికి నేను సాయం చేస్తాను. మామూలు మీటరు చెవిని అనుకరిస్తది, ఏ వెయిటింగ్ అంటారు, 31.5 హెర్ట్జ్ దగ్గర ఉన్న శబ్దంలో 39 డెసిబెల్స్ దాకా కొట్టేసి చూపిస్తది, 63 దగ్గర 26. మీ గూట్లో గ్లాసుల్ని కదిలించేది సరిగ్గా ఆ కొట్టేసిన భాగంలో ఉంది. అందుకని అదే చోట బొంగురు శబ్దాన్ని అంతగా కొట్టేయని సీ వెయిటింగ్‌లో కూడా కొలవమనండి, రెండిటికీ తేడా 20 దాటితే బొంగురు మోత సమస్య ఉన్నట్టే లెక్క. వీలైతే పౌనఃపున్యాల వారీగా విడగొట్టి కొలవమనండి, అప్పుడు ఫ్యాన్ల ముద్ర కాగితం మీద పడుద్ది. ఫోన్ మైకు ఆ అడుగు శబ్దాలని సరిగా పట్టదు, మీ 48 ని సాక్ష్యంగా వాడొద్దు, కానీ రోజూ అదే ఫోన్‌తో అదే చోట అదే వేళ రాసి పెట్టండి, గాలి ఏ పక్కనించి వీస్తుందో కూడా. పదిహేను రోజులు రాస్తే ఏ రాత్రి కొలవాలో మీకే తెలుస్తది.

పొయ్యిమండాలి | రాత్రి 9:30

నిన్న కొంచెం గట్టిగా మాట్లాడినా అన్నా, ఏమనుకోబాక. సార్ చెప్పింది చదివినాక మా సెక్షన్ అన్నని అడిగినా. ఒక సెల్ గేర్‌బాక్సు కొన్ని వారాలుగా వేరే రకంగా కూస్తా ఉందంట, ఓవర్‌హాల్‌కి రాసి పెట్టినారు, యూనిట్ ఆగినప్పుడు చేస్తారంట. మాది మీ ఊరి ప్లాంటో కాదో నేను చెప్పను. కానీ మేము చెవులకి ప్లగ్గులు పెట్టుకుని లోపలికి పోతాం, ఎనిమిది గంటలకి 90 దాకా చట్టం ఒప్పుకుంటాది, షిఫ్టు దిగి బస్సెక్కినా చెవుల్లో గంట సేపు అదే మోగతా ఉంటాది. ఫ్యాన్ నిదానిస్తే మాకూ మేలే. అర్జీలో మా మాట కూడా ఒక ముక్క కలపండి.

మిద్దెమీద_మల్లి | పద్దెనిమిది రోజుల తర్వాత, రాత్రి 10:15

అందరికీ దండాలు. అమ్మ బీపీ 150 కి 94 ఉండింది, మాత్రలు మొదలుపెట్టారు. సోమవారం అర్జీ ఇచ్చినాం, ఊర్లో నలభై మంది సంతకాలు పెట్టినారు, ప్లీడరన్న చెప్పినట్టే మూడు చోట్లు రాసినాం, మా మిద్దె, బడి, పాలెంలో గుడి ముందర. రాత్రి ఒంటిగంట నించి నాలుగు లోపల కొలవాలని రాసినాం. పదిహేను రాత్రులు నోట్‌బుక్‌లో రాసుకున్నా, గాలి లేని నాలుగు రాత్రుల్లో 50 దాటింది, పడమటి గాలి ఉన్న రాత్రులు 47, 48, సముద్రపు గాలి తిరక్కుండా ఉండిపోయిన ఒక్క రాత్రి 41. ఆ ఒక్క రాత్రి అమ్మ తెల్లారేదాకా లేవలా.

అర్జీ పోయినాక మొన్న రాత్రి ప్లాంట్ నించి ఒకాయన సొంతంగా వచ్చినాడు, వయసులో చిన్నోడే. రెండున్నరకి మా వరండాలో నులక మంచం మీద కూర్చున్నాడు. అమ్మ గూట్లో గుడ్డ ముక్కలు తీసి గ్లాసులు పక్కపక్కన పెట్టి, "విను నాయనా" అనింది. ఆ అబ్బాయి చెయ్యి పెట్టి ఒక గ్లాసు పట్టుకున్నాడు, ఆ కూత ఆగింది, వదిలాడు, మళ్ళీ మొదలైంది. కాసేపు ఏం మాట్లాడలా. పోతా పోతా మా ఊరి ఎదురుగా ఉండే సెల్స్ వేగాలు చూస్తానన్నాడు, మాట ఇవ్వలేనన్నాడు. మండలి వాళ్ళు వచ్చే వారంలో మీటరు పెడతారని ఫోన్ వచ్చింది. ఒకటే చిక్కు, గుంటల్లో ఏరేటర్లు ఆడతా ఉంటే రీడింగు దేనిదో తేలదని అంటా ఉండారు.

వనామీ_రైతు | రాత్రి 10:58

మల్లీ, నాది మైపాడు దగ్గర, మీ ఊరి దక్షిణం పక్క గుంటల్లో రెండు నా బావమరిదివి, అందుకే ఇన్నాళ్ళూ చదవతా ఉండి కూడా ఏం రాయలా. తెల్లారుగట్లే నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ పడేది, ఆ టైంలో ఏరేటర్ ఆపమంటే ఏ రైతూ ఒప్పుకోడు, ఎదిగిన సరుకు ఉంటే తెల్లారేసరికి తేలిపోతాది, లక్షలు పోతాయి. అట్ట అడగబాకండి. కానీ బావమరిదివి రెండు గుంటలూ ఈ గురువారం పట్టుబడి, శుక్రవారం నించి నీళ్ళు తీసి ఎండబెడతారు, ఏరేటర్లు గట్టెక్కుతాయి. వాటి పక్క గుంట ఇంకొకాయనది, ఆయనది నిన్ననే రొయ్య పిల్ల వేసినారు, చిన్న పిల్ల కాబట్టి ఒక అరగంట ఆపడానికి ఇబ్బంది లేదు, నేను మాట్లాడినా, సరే అన్నాడు. శుక్రవారం రాత్రికి రమ్మనండి మండలి వాళ్ళని. టార్చిలైటు తీసుకుని నేనే గట్టు మీద ఉంటా, ఆపింది ఎన్ని గంటలకో, మళ్ళీ వేసింది ఎన్ని గంటలకో వాళ్ళ కాగితం మీదే రాయిద్దాం.